పర్వతాలు పట్టిన మైల

శామీర్‌పేట దగ్గర మందులు కనిపెట్టే ఒక కంపెనీలో తెల్ల ఎలుకలకు మేత వేసి, పంజరాలు కడగడం పర్వతాలు పని. యాభై దాటినా పెళ్లి కాలేదు. అన్నదమ్ములు పోయారు. అతను పోతే చావుమైల పట్టడానికి ఒకే వంశపు పాలివాడన్నవాడు ఒక్కడూ మిగల్లేదు. సాయంత్రం గది తాళం తీస్తే, పొద్దున విప్పిన లుంగీ విప్పినచోటే పడి ఉంటుంది.

మనుషుల మందును ముందుగా ఎలుకలకెందుకిస్తారని ఒకరోజు అక్కడి సైంటిస్టు నయనను అడిగాడు.

"మన ఒంట్ల ఉన్న జీన్లు దాదాపు అన్నీ వాటికి గూడ ఉన్నయన్నా. కోట్ల ఏండ్ల కింద మనకూ వాటికీ తాత ఒక్కడే."

"అయితే పాలోళ్లే గదమ్మా," అన్నాడు పర్వతాలు.

నయన నవ్వింది. అతను నవ్వలేదు.

ఆ సోమవారం పరీక్ష ముగిసింది. ముగిసిందంటే ఇక ఎలుకలను బతకనివ్వరు. పంజరానికొకటి చొప్పున నలభై పంజరాలూ ఖాళీ అయ్యాయి. పర్వతాలు వాటిని కడిగి బోర్లించి, ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకున్నాడు. ఆ రోజు నుంచి గడ్డం గీసుకోలేదు, పటాల ముందు దీపం పెట్టలేదు. గురువారం పక్కింటి బాలేష్ కొత్తింట్లోకి దిగుతూ పిలిస్తే వెళ్లలేదు.

మర్నాడు బాలేష్ నిష్ఠూరమాడాడు. "బువ్వకన్న రాకపోతివేందన్నా?"

"మైల ఉండె తమ్మీ. పాలోళ్లు పోయిన్రు."

"నీకు పాలోళ్లు యాడున్నరన్నా?"

పర్వతాలు మాసిన గడ్డం నిమురుకున్నాడు.

"నలభై మంది ఉండిరి."