మిరుగం నాటి చేప

నవ్వకుండా వాదించడం బుచ్చవ్వకు చేతకాదు. హుస్నాబాద్ పక్క పల్లెలో, మొండిఘటం హనుమండ్లుతో ఇన్నేళ్లు కాపురం సాగిందంటే ఆ నవ్వు చలవే.

ఆ ఏడు మాత్రం నవ్వు వెనక భయం ఉంది. మృగశిర కార్తె రాగానే, అంటే మిరుగం నాడే, మక్కజొన్నలు విత్తాలని హనుమండ్లు పట్టు. కిందటేడు అలాగే పొడి దుక్కిలో విత్తాడు. వాన ముఖం చాటేసింది, విత్తనం చీమల పాలైంది. బుచ్చవ్వ పుట్టింటికి పోయి, తమ్ముడి ముందు కొంగు పట్టి విత్తనం అడిగి తెచ్చింది. ఆ సిగ్గు ఇంకా ఆమెను కాలుస్తూనే ఉంది.

"భూమి వేడెక్కుతున్నదట, వానలు ఎనుకకు పోతున్నయట. రేడియోల చెప్పిన్రు," అంది.

"రేడియో ఏమన్న నాగలి పట్టిందా? మా తాతనాటి సంది మిరుగం నాడే వాన. కాలం మారుడేందే?" అంటూ హనుమండ్లు విత్తనాల గంప మీద చెయ్యి వేశాడు.

బుచ్చవ్వ గంపను తన వైపు లాక్కుంది. "సరేనయ్యా. మిరుగం నాడు చాప తినాలె గదా? మీ తాత లెక్కనే వాగుల పట్టుకరా. చాప తెచ్చినంక గంప నీదే."

తొలకరి నీళ్లకు ఎదురెక్కే చేపల్ని పట్టడంలో అతణ్ని మించినవాడు ఆ ఊళ్లో లేడు. మీసం దువ్వి, వల భుజాన వేసుకుని బయలుదేరాడు.

మధ్యాహ్నం దాటాక పిల్లిలా ఇంట్లోకి వచ్చాడు. వల తడవలేదు. తువ్వాలులో అంగట్లో కొన్న ఎండుచేపలున్నాయి.

బుచ్చవ్వ ఒకటి పైకెత్తి చూసింది. "ఏందయ్యా, గిది వాగులనే ఎండిందా?"

"నీళ్లు జర తక్కువున్నయి."

"తక్కువున్నయా, లేవా?"

"లేవు తియ్యి."

"మీ తాత ఎన్నడన్న మిరుగానికి ఎండు చాపలు తెచ్చిండా?"

హనుమండ్లు గడ్డం గోక్కున్నాడు. "తేలే," అని తనే పకపకా నవ్వేశాడు. పులుసు రెండుసార్లు పోయించుకుని తిన్నాడు కానీ గంప జోలికి పోలేదు. ఆరుద్ర కార్తెలో వాన దంచికొట్టాకే విత్తాడు. చేను ఒత్తుగా మొలిచింది.

మరుసటేడు మిరుగం నాడు, విత్తనాలతో పోతున్న పక్కింటి పర్శరాములును హనుమండ్లే ఆపాడు.

"ఆగురా, ముందుగాల వాగు చూసొస్త."

"గట్లయితే కాలం మారినట్టేనా కాకా?"

"ఏం మారలే! వానకే జర బద్ధకమైంది," అంటూ వల అందుకున్నాడు.

లోపల బుచ్చవ్వ గంప మీద మూత పెట్టింది. మారలేదనే అననీ, తనకేం పోయింది? ఈ ఏడూ తమ్ముడింటికి ఆడబిడ్డలా చుట్టపుచూపుగా పోవచ్చు.