ముఖ్య అతిథి వచ్చేదాకా జానీ సిమ్

“పియానో వాయిత్తావు, బాగానే ఉంది. పనేటి సేత్తావు?”

1962లో, సింగపూర్ నుంచి కాజ్‌వే వంతెన దాటితే వచ్చే జొహోర్‌లోని ఒక రబ్బరు తోటలో, పిల్లనివ్వబోయే పెద్దమనిషి సింహాచలాన్ని అడిగిన ప్రశ్న ఇది. ఎదురుగా కాఫీ, పక్కన మధ్యవర్తులు, తలుపు వెనక రత్తమ్మ. సింహాచలానికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. మొనదేలిన బూట్లు గుమ్మం బయట విడిచి వచ్చాడు గానీ, నూనె పెట్టి పైకి దువ్విన జుట్టుని విడిచి రావడానికి వీలుపడలేదు. కాస్త ఆలోచించి, “శని, ఆదివారాలు ఇంకా గట్టిగా వాయిత్తానండి,” అన్నాడు.

పిల్లనిచ్చారు. ఎందుకిచ్చారో ఎవరూ సరిగా చెప్పలేరు. ఆ ఏడాది వచ్చిన సంబంధాల్లో పళ్ళన్నీ ఉన్నవాడు ఈయనొక్కడేనని రత్తమ్మ గారు అంటారు.

సింహాచలం తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సెంబవాంగ్ నౌకా స్థావరంలో వడ్రంగిగా కుదిరాడు. అక్కడి నావికుల క్యాంటీన్‌లో ఒక పియానో ఉండేది. సింగపూర్ తేమకి పియానో లోపలి చెక్క ఉబ్బి, మెట్లు బిగుసుకుపోతాయి. అందుకని కింది పలక తీసి, లోపల ఒక బల్బు ఎప్పుడూ వెలిగించి ఉంచేవారు. బల్బు మాడినప్పుడల్లా మార్చడం తండ్రి పని. వెంట వెళ్ళి పలక పట్టుకోవడం కొడుకు పని. కొడుకు ఒక చేత్తో పలక పట్టుకుని, రెండో చేత్తో మెట్లు నొక్కేవాడు.

కళాకారుల జీవిత కథల్లో ఈ చోట ఒక గురువు గారు ప్రత్యక్షం కావాలి. ఇక్కడ కాలేదు. అమెరికా నుంచి నావికులు తెచ్చిన రికార్డులే గురువులు. అవి అరిగిపోయేదాకా విని, సింహాచలం వాటి గుట్టు పట్టేశాడు. రాక్ అండ్ రోల్ పియానోలో ఎడమ చెయ్యి రైలింజన్‌లా ఒకే దారిన, ఒకే ఊపులో పోతుంది. కుడి చెయ్యి ఆ రైలు కిటికీలోంచి తల బయటపెట్టి దారిన పోయే వాళ్ళందరినీ పలకరిస్తుంది. రెండూ ఒక్క మనిషివేనని వినేవాడికి అనుమానం రాకూడదు. విద్య అంతే.

1957కల్లా బ్యాండు తయారైంది. గిటార్ల మీద ఇద్దరు యురేషియన్ అన్నదమ్ములు, డ్రమ్ముల మీద ఒక మలయ్ కుర్రాడు, పియానో దగ్గర ఈయన. క్లబ్బు మేనేజరుకి బోర్డు మీద ‘సింహాచలం’ అని రాసే ఓపిక లేక ‘జానీ సిమ్’ అని రాశాడు. సిమ్ అనేది అక్కడ చైనీయుల ఇంటిపేరు. బోర్డు చూసి చైనా కుర్రాడు వస్తాడనుకున్న జనం ముందుకి నల్లగా, పొడుగ్గా ఈయన వచ్చి, కుర్చీని వెనక్కి తన్ని, నిలబడి వాయించడం మొదలుపెట్టేవాడు. టికెట్టు డబ్బులు వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదట. బ్రిటిష్ సైనికుల క్లబ్బులు, న్యూ వరల్డ్ పార్కులో డాన్సులు, ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ గంతులు వేసే కుర్రకారు సభలు, అన్నిచోట్లా జానీ సిమ్మే. మోచేత్తో వాయించాడు, మడమతో వాయించాడు. ఒకసారి పియానో తీగలు తెగాయి. మూడు తెగాయని ఆయన అంటారు. మేనేజరు జీతంలో కోసింది ఒక్క తీగ ఖరీదే కాబట్టి తెగింది ఒకటేనని రత్తమ్మ గారి తీర్పు.

ఆ తీర్పు చెప్పే రత్తమ్మ గారు వీటిలో ఒక్కటీ చూడలేదు. డాన్సు హాలుకి సంసారులు వెళ్ళకూడదని పుట్టింటివారు చెప్పి పంపారు. ఆవిడ బయటికి వెళ్ళే చోట్లు మూడే: గుడి, పెళ్ళి, తెలుగు సంఘం. ఆ మూడు చోట్లా రాక్ అండ్ రోల్ వాయించమని ఎవరు పిలుస్తారు? ఇంట్లో వినొచ్చుగా అంటారేమో. టోవా పాయోలో ఫ్లాటు వచ్చాక, మూలపడేసిన ఒక పియానోని క్లబ్బు నుంచి చవగ్గా కొని తెచ్చారు. లిఫ్టు తమ అంతస్తులో ఆగదు కాబట్టి కింది అంతస్తు నుంచి మెట్ల మీద మోయించారు. మొదటి రోజే కింది ఇంటి ఆంటీ చీపురు కర్రతో తన కప్పుని పొడిచింది. ఆ రోజు నుంచి పియానో లోపల దుప్పటి. సింహాచలం ఇంట్లో వాయిస్తుంటే పక్క గదిలో ఎవరో బఠాణీలు ఒలుస్తున్నట్టు వినిపించేది.

తర్వాత బ్రిటిష్ సైన్యం ఓడ ఎక్కింది, క్లబ్బులు మూతపడ్డాయి. పొడుగు జుట్టు మగవాళ్ళని ప్రభుత్వ ఆఫీసుల్లో వరస చివర నిలబెట్టిన రోజులు వచ్చాయి. జానీ సిమ్ జుట్టు కత్తిరించుకుని, ఒక హోటల్ లాబీలో పూలకుండీ పక్కన, పూలకుండీ అంత మర్యాదగా చాలా ఏళ్ళు వాయించాడు. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేసే పనిలో పడ్డాడు. ఆయన దీన్ని పతనం అనుకోలేదు, మనం అనుకోవాల్సిన పని కూడా లేదు. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. దుప్పటి తీసేసి, ఒక హాలులో, పూర్తి చప్పుడుతో ఒక్కసారి వాయించాలి. అది రత్తమ్మ వినాలి. పెళ్ళాన్ని ముప్ఫై ఎనిమిదేళ్ళు బఠాణీల మీద బతికించడం ఆయనకి నామోషీగా ఉండేది.

ఇంతలో సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడితే, ఆ భయాన్ని నమ్ముకుని హైదరాబాద్ నుంచి విమానాల నిండా తెలుగు ఇంజనీర్లు దిగారు. కంప్యూటర్లు ఆగలేదు, వీళ్ళూ తిరిగి వెళ్ళలేదు. అలా వచ్చి బుకిట్ బటోక్‌లో స్థిరపడిన ప్రాజెక్టు మేనేజరు పార్థసారథి, వచ్చిన రెండో ఏటికే తెలుగు సంఘానికి అధ్యక్షుడయ్యాడు. భార్య శ్యామలాదేవి సాంస్కృతిక కార్యదర్శి. వాళ్ళమ్మాయి పరీక్షల కోసం కొన్న పియానోని శ్రుతి చేయడానికి సింహాచలం గారు వచ్చేవారు.

ఒకరోజు ఆయన పియానోలో తల పెట్టి, “దీని దుంపతెగ, ఈ తీగ మాట ఇనదు,” అని గొణుక్కున్నారు. శ్యామలాదేవి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

“అయ్యో అంకుల్, మీరు తెలుగువాళ్ళా!”

“మరేటనుకున్నారమ్మా?”

“తమిళ్ అనుకున్నాం. ఇన్నాళ్ళుగా వస్తున్నారు, ఒక్కసారైనా చెప్పలేదే!”

“మీరు తీగల గురించి అడిగినారు. నా గురించి అడగనేదు గదమ్మా.”

శ్యామలాదేవి కళ్ళు మెరిశాయి. ఉగాదికి సన్మానం చేయడానికి సంఘానికి ఒక పాత మనిషి కావాలి. ఇదిగో దొరికాడు, పైగా కళాకారుడు. అక్కడికక్కడే కార్యక్రమం తేల్చేసింది: ప్రార్థనా గీతం, మూడు భక్తి పాటలు, ముఖ్య అతిథి జ్యోతి వెలిగించడం, శాలువా.

“ఆఖర్న ఒక్క రాక్ అండ్ రోల్ ముక్క వాయిత్తానమ్మా,” అన్నారు సింహాచలం గారు.

“రాక్ అండ్ రోలా? పండగ పూట బాగోదు అంకుల్. మీ వయసుకి కూడా…”

“దాని వయసూ తక్కువేం కాదమ్మా. నలభై దాటింది.”

శ్యామలాదేవి నవ్వింది గానీ ఒప్పుకోలేదు. సంఘం సభకి రత్తమ్మ తప్పకుండా వస్తుంది, ముందు ఆ హాలులో పియానో దాకా చేరితే చాలనుకుని ఆయన మరి రెట్టించలేదు, ఫీజు మాటెత్తారు. ఈసారి, అక్కడే కూర్చున్న పార్థసారథి ఉలిక్కిపడ్డాడు.

“ఫీజా? మన దగ్గర ఆర్టిస్టులకి డబ్బులిస్తే ఇన్సల్ట్‌గా ఫీలవుతారు అంకుల్. శాలువా, మెమెంటో ఉంటాయి కదా.”

“నాను ఫీలవను బాబూ.”

చలికాలమే లేని ఊళ్ళో కళాకారులకి శాలువాలు కప్పే ఆచారం మనది. ఆ శాలువాలో వెచ్చగా ఉండేది కప్పించే సంఘమే. సింహాచలం గారిది క్లబ్బు ఆచారం. మూడు వందల డాలర్లు, సగం ముందు, సగం వాయించాక. “ఓహ్, మైల్‌స్టోన్ పేమెంట్!” అని పార్థసారథి తనకు తెలిసిన భాషలోకి మార్చుకుని, సంతోషించి, నూట యాభై లెక్కపెట్టి ఇచ్చాడు.

ఉగాది సభ బుకిట్ బటోక్‌లో ఒక హాలులో జరిగింది. వేదిక మీద ఒక పాత పియానో ఉంది. ముందు వరసల్లో పట్టుచీరలు, మధ్యలో పిల్లల స్ట్రోలర్లు, వెనక గోడ వారగా ఓడల యార్డుల్లో పనిచేసే కుర్రాళ్ళు. ఆదివారం సెలవు, పచ్చడి, ఆ తర్వాత భోజనం ఉంటాయని విని వచ్చారు. మూడో వరసలో రత్తమ్మ గారు, పక్కన కూతురు అరుణ. సింహాచలం గారు బుద్ధిగా ప్రార్థనా గీతం వాయించారు. మూడు భక్తి పాటలూ వాయించారు. హోటల్ లాబీ అనుభవం అక్కరకు వచ్చింది. ఒక్కరూ తల ఎత్తలేదు.

ముఖ్య అతిథి రాలేదు. ఆయన ఒక పెద్ద కంపెనీ యజమాని, పాసిర్ రిస్ నుంచి బయల్దేరారని ఒకరు, ఇంకా గోల్ఫ్ ఆడుతున్నారని ఒకరు. మన సభల్లో ముఖ్య అతిథి లేకుండా దీపం వెలగదు, దీపం వెలగకుండా ఉపన్యాసం మొదలవదు, ఉపన్యాసాలు అవకుండా అన్నం పెట్టరు. అప్పటిదాకా వేదిక ఖాళీగా ఉంటే అది అతిథికి అవమానం. పార్థసారథి తెర పక్కనుంచి రెండు చేతులూ ఊపాడు.

“ఆపకండి అంకుల్! వాయిస్తూనే ఉండండి!”

“అయిపోనాయి బాబూ. ఏటి వాయించమంటావు?”

“ఏదో ఒకటి! ఏదైనా సరే, సార్ వచ్చేదాకా ఆపొద్దు!”

సింహాచలం గారు లేచారు. పియానో పై మూత పూర్తిగా ఎత్తారు. కుర్చీని తన్నలేదు. అరవై రెండేళ్ళు కాబట్టి కాలితో మెల్లగా వెనక్కి జరిపి, ఎక్కడికి పోయిందో ఒకసారి తిరిగి చూసుకున్నారు కూడా. అప్పుడు ఎడమ చెయ్యి బయల్దేరింది.

ముందు వరస పట్టుచీరలు ఒక్కసారిగా సర్దుకున్నాయి. స్ట్రోలర్లలోంచి పిల్లలు దిగిపోయారు. కుడి చెయ్యి పై మెట్ల దాకా ఎగబాకి అక్కడే వడగళ్ళు కురిపిస్తుంటే, వెనక గోడ వారనుంచి యాకూబ్ అనే పలాస కుర్రాడు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. “ఓరి నాయనో, తాత ఇరగదీసేత్తన్నాడ్రా!” ఆ వరస మొత్తం గంతులు మొదలుపెట్టింది. పిల్లలు వాళ్ళలో కలిసిపోయారు, వాళ్ళని చూడటానికి మిగతా హాలూ లేచి నిలబడింది. సింహాచలం గారు మోచెయ్యి దించారు. మడమ కూడా ఎత్తబోయారు.

“డాడీ! యువర్ బ్యాక్ లా!” అని అరుణ సింగపూర్ ఇంగ్లీషులో గట్టిగా అరిచింది. మడమ కిందికి దిగింది.

సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి వచ్చారు. హాలంతా లేచి నిలబడే ఉంది కాబట్టి తనకోసమే అనుకుని చేతులు జోడించారు. ఎవరో మెడలో దండ వేశారు. పార్థసారథి మళ్ళీ రెండు చేతులూ ఊపాడు, ఈసారి ఆపమని. సింహాచలం గారు ఆ చేతుల్ని చూశారు, చూసి కూడా వాయించారు. పాట మధ్యలో ఆపడం ఆయన ఎరగరు. క్లబ్బులో సైనికులు సీసాలతో కొట్టుకున్న రోజుల్లోనే ఆపలేదు. అతిథి గారు దండ మెడమీద గీరుతుంటే గోక్కుంటూ, దారి మధ్యలో నిలబడ్డారు. పాట తన దారిన తాను సాగి, తన చివరకు తాను చేరింది. ఆ తర్వాతే దీపం వెలిగింది. సభలో ఆ పూట జరిగిన మంచి పనుల వరసలో దీపం రెండోది.

సన్మానం జరిగింది. ముఖ్య అతిథి ముఖం చిట్లించుకునే కప్పారు శాలువా. సింహాచలం గారు దాన్ని మడిచి రత్తమ్మ గారి చేతిలో పెట్టారు. తిరుగు రైల్లో ఆవిడ శాలువాని విప్పి, మళ్ళీ మడిచారు. ఆయన కిటికీలోంచి చూస్తున్నట్టు నటించారు.

“ఎడం చెయ్యి బాగుంది,” అన్నారు ఆవిడ చివరికి.

“కుడిది?”

“తొందరపడింది.” శాలువా సంచిలో పెట్టి, “మళ్ళీ ఎప్పుడు?” అన్నారు.

మళ్ళీ అంటే సంఘం పిలవాలి. సంఘం అప్పటికి కోపంలో ఉంది. రెండో సగం కోసం సింహాచలం గారు ఫోన్ చేస్తే పార్థసారథి చాలా మర్యాదగా విసుక్కున్నాడు.

“స్కోప్‌లో లేనిది డెలివర్ చేశారు అంకుల్. సార్ హర్ట్ అయ్యారు. కమిటీ హోల్డ్‌లో పెట్టింది.”

“ఏదైనా సరే అని సేతులూపింది ఎవరు బాబూ?”

“అది ఎమర్జెన్సీ అంకుల్.”

“మరి ఎమర్జెన్సీకి ఓవర్‌టైం ఉండాల గదా. నానది అడగనేదు.”

పార్థసారథి దీని మీద కమిటీలో చర్చ పెట్టాడు. సన్మానం జరిగిన వ్యక్తికి పారితోషికం ఇవ్వడం సంప్రదాయం కాదని తీర్మానించారు. రత్తమ్మ గారు ఊరుకోలేదు. టోవా పాయోలోనే ఒక హాలు చూసి, అద్దె కనుక్కుని, యాకూబ్ వాళ్ళ నంబరు తీసుకున్నారు. ఓడల యార్డు కుర్రాళ్ళు మనిషికి రెండు డాలర్లు వేసుకున్నారు, తక్కువపడింది అరుణ ఇచ్చింది. ఆ ఆదివారం ముఖ్య అతిథి లేడు. జానీ సిమ్ రెండు గంటలు వాయించాడు, కుడి చెయ్యి తొందరపడలేదని మూడో వరసలోంచి రత్తమ్మ గారు ఒప్పుకున్నారు.

ఆ తర్వాత డాట్‌కామ్‌లు పేలిపోయి పార్థసారథి ఉద్యోగం మారాడు, కమిటీ మారింది. కొత్త అధ్యక్షుడు అది పాత కమిటీ విషయమన్నాడు. సంఘం సింహాచలం గారికి ఇవ్వాల్సిన నూట యాభై డాలర్లు ఇంకా ఇవ్వలేదు.