చాపిన చెయ్యి

రాయకోట దారిలో ఎవరైనా మల్బరీ కొమ్మలు కోస్తుంటే, ఆ పచ్చి వాసనకి నా అరచేతులు వాటంతటవే ముడుచుకుంటాయి.

మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులు ఆకు తినేశాక మిగిలిన పుల్లల్లో సన్నటిదొకటి ఏరి నాన్న గూట్లో పెట్టేవాడు. అది నా కోసం. పాలు ఒలికించినా, అన్నం వదిలేసినా రెండు చేతులూ చాపాలి, కళ్ళు మూసుకోవాలి, ఏడవకూడదు.

బడిలో చేర్చిన రోజు అయ్యవారు నవ్వుతూ, "చెయ్యి పట్టు పాపా" అన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చాపాను. చేతిలో ఏదో మెల్లగా పడింది. నొప్పి లేదు. కళ్ళు తెరవకుండానే రెండో చెయ్యి కూడా చాపాను.

"చూసినారా సార్? భయం బాగా పెట్టినాను. ఏడ్చేదే లేదు," అంటూ నాన్న సంచిలోంచి కొత్త పుల్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు పని తగ్గించినావప్పా," అన్నాడు అయ్యవారు.

ఇద్దరూ నవ్వారు. పరీక్షలో నెగ్గాననుకుని నేనూ నవ్వాను. గుప్పిట్లో పటికబెల్లం ముక్క చెమటకి కరుగుతోంది.

ఇప్పటికీ గుడిలో ప్రసాదానికి చెయ్యి చాపితే నా కళ్ళు మూసుకుపోతాయి. పక్కవాళ్ళు భక్తి అనుకుంటారు.