పసుపు రాసిన గడప

పులిహోర డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు చింతపండు, ఇంగువల కంటే ముందు ఎండకు కాగిన ఎర్ర ఇసుకరాయి వాసన వస్తుంది, దాని వెంటే నోట్లో నెత్తురు ఉప్పదనం.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో ఎండ కాసిన ప్రతి ఆదివారం అమ్మ పొద్దున్నే పులిహోర కలిపేది, నాన్న కారు తీసేవాడు. ఊరి బయటి అడవి దాటితే మడమల దాకా దిగబడే ఇసుక, అందులోంచి లేచిన ఎర్రకొండలు, వాటి నడుముల్లో ఏనాటివాళ్లో ఉలితో తొలుచుకున్న గదులు, పొగచూరిన పొయ్యిగూళ్లు, అరిగిపోయిన రాతి గడపలు. ఏదీ తాకవద్దని బోర్డు. నాన్నకు కోపం ముక్కు మీదే ఉండేది. పార్కింగ్ దొరక్కపోయినా, పులిహోరలో పల్లీలు మాడినా ఆ చెయ్యి అమ్మ మీదో నా మీదో పడేది. అందుకే నేను ఆ గదుల్లోకి పారిపోయి బొమ్మరిల్లు ఆడుకునేదాన్ని. తలుపుల్లేని ఆ ఇంట్లో నాకు భయం వేసేది కాదు.

ఆ రోజు, అమ్మ శుక్రవారాలు చేసినట్టే, పులిహోర తిన్న పచ్చటి చేతులతో నా ఇంటి గడపకు పసుపు రాశాను. ఆ కొండల కాపలా ఆవిడ చూసి అందరి ముందూ నాన్నను నిలదీసింది. ఆవిడ అటు తిరిగేదాకా ఆగి, నాన్న నన్ను జుట్టు పట్టి లేపి కొట్టాడు. నా మొహం ఆ గడపకే కొట్టుకుని పన్ను విరిగింది. డబ్బాను రాతికేసి విసిరాడు. అడ్డమొచ్చిన అమ్మ చెయ్యి మెలిపెట్టాడు. పసుపు మీద నా నెత్తురు బొట్లు బొట్లుగా పడింది.

ఏడుపు విని ఆవిడ పరుగున వచ్చి ఏమైందని అడిగింది. అమ్మకు జర్మన్ రాదు.

"దెబ్బ తాకిందని చెప్పు బిడ్డా," అంది నాతో.

మా కరీంనగర్ మాటలో దెబ్బ రాయి వల్లా తాకుతుంది, మెట్టు వల్లా తాకుతుంది. ఎవరి వల్లో చెప్పక్కర్లేదు. నేను జర్మన్‌లో 'ష్లేగె' పడ్డాయన్నాను. ఆ మాట వెనక కొట్టిన చెయ్యి ఉండి తీరాలి. ఆవిడ నాన్న చేతుల వంక చూసి ఫోన్ తీసింది.

పోలీసులు వచ్చారు. ఆ తర్వాత ఏడాది పాటు అధికారులు ఇంటికొచ్చి నా వీపూ అమ్మ చేతులూ చూసి వెళ్లేవారు. నాన్న మళ్లీ ఎన్నడూ కొట్టలేదు. రోడ్డు దాటేటప్పుడు వేలు పట్టుకోవడం, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టడం కూడా మానేశాడు.

మొన్న ముగ్గురం మళ్లీ వెళ్లాం. గదులకు ఇనుప జాలీలు బిగించారు. నా గడప మీద పసుపూ లేదు, ఎరుపూ లేదు. ఇసుక మెట్టు మీద నాన్న కాలు జారితే చెయ్యి చాపాను.

"వద్దు బిడ్డా," అని రెయిలింగ్ పట్టుకున్నాడు.

"అప్పుడు దానికి మాట రాక గట్ల చెప్పింది," అంది అమ్మ నాన్నతో, ఇరవై ఏళ్లుగా అంటున్నట్టే.

నాకు అప్పటికే ఆ భాషలో 'పడిపోయాను' అనడం కూడా వచ్చు.