పీపా లోపలి ఐదో ముక్క

మా తమ్ముడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి కాస్త పైకెత్తి నర్సు ఆ ఇంజక్షను ఇస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. సన్నటి సూది, నీళ్ళలాంటి కాసింత మందు. చూసినవాళ్ళు ఏ జ్వరానికో అనుకుంటారు. వాడి ఎముకల మూలుగలో పుట్టిన కేన్సరుకది. అంతకుముందే డాక్టరమ్మ, నా దగ్గర బడిలో చదువుకున్న పిల్లల వయసే ఉంటుంది, ఒక కాగితం తీసుకుని పీపా బొమ్మ గీసింది. కణంలో పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం ఇదేననీ, ప్రోటియసోమ్ అంటారనీ, ఈ మందు దాని లోపలికి పోయి బీటా ఐదు అనే ముక్కను గట్టిగా పట్టుకుని కొయ్యనివ్వదనీ హిందీలో నెమ్మదిగా చెప్పింది. తమ్ముడు బొమ్మను చూడలేదు, నా మొహం చూశాడు. ఆ పీపాను నేనెరుగుదును. ఒకప్పుడు నా లోకమంతా దాని చుట్టూనే తిరిగింది.

మా నాన్న జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి క్వార్టర్సులో స్థిరపడిన కుటుంబం మాది. ఆదివారం తెలుగు ప్రార్థన, మిగిలిన ఆరు రోజులూ హిందీ. ఆ వీధిలో ఎమ్మెస్సీ దాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో, పరిశోధన చేస్తానని విశాఖ బయల్దేరిన రోజున స్టేషనుకు సగం వీధి వచ్చింది. ఏం చదవబోతున్నానో వాళ్ళెవరికీ తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు.

విశాఖలో మా గైడు మేడమ్ గారి దగ్గర పని తెల్లవారకముందే మొదలయ్యేది. కబేళా నుంచి మేక కాలేయం వెచ్చగా ఉండగానే మంచులో పెట్టి తెచ్చుకోవాలి, దాన్ని నూరి, వడకట్టి, చల్లగదిలో గాజు గొట్టాల గుండా చుక్క చుక్కగా దించాలి. ఊరంతా ఉక్కపోతతో చెమటలు కక్కుతుంటే నేను జంషెడ్‌పూర్ చలికి అమ్మ అల్లిన స్వెటరు తొడుక్కుని కూర్చునేదాన్ని. అప్పట్లో ల్యాబుల్లో పనిచేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చుక్కలు పట్టే మిషను లేని చోట మనుషులే మిషన్లు. చివరికి ఒక్కో గొట్టంలోంచి కాస్త తీసి, పీపా కోస్తే మెరిసే రసాయనం కలిపి, చీకటి గదిలో ప్రత్యేకమైన దీపం కింద పెడితే, పీపా ఉన్న గొట్టం మాత్రం నీలంగా వెలిగేది. ఆ వెలుగు మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మేడమ్ గారు నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

పీపా ఎలా ఉంటుందో అప్పటికి లీలగా తెలుసు. ఏడేసి ముక్కల చక్రాలు నాలుగు, ఒకదాని మీద ఒకటి. పైనా కిందా ఉన్న చక్రాలు తలుపులు, మధ్యలో ఉన్న రెండూ కోసేవి. అయితే మధ్య చక్రాల్లో అన్ని ముక్కలూ కొయ్యవు, కొన్నే కోస్తాయి. ఏవి? దేనితో? మామూలు ఎంజైములను ఆపే మందులు వేస్తే మా పీపా కాస్త మందగించేదే గాని లొంగేది కాదు. ఇది మనకు తెలిసిన జాతి కాదని మేడమ్ గారి పట్టు. అది తేల్చడమే నా పని.

సెలవులకు ఇంటికొస్తే నాన్న డ్యూటీ దిగి, చేతులకంటిన గ్రీజు కిరోసిన్‌తో తుడుచుకుంటూ అడిగేవారు, "ఏటమ్మా, నువ్వక్కడ సేసీదేటి, నాకూ సెప్పు." ఒంట్లో పాడైన ప్రోటీన్లకు కణమే ఒక గుర్తు తగిలించి ఆ పీపాలోకి పంపుతుందనీ, అది కోసేస్తుందనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరా కత్తులు మంచియాటిని కూడా కోసెయ్యవేటి?" అన్నారు. మా డిపార్టుమెంటులో మొదటి సెమినారు రోజు నన్ను అడిగిన ప్రశ్నా అదే. కత్తులన్నీ లోపలి వైపే ఉంటాయనీ, గుర్తు ఉన్నదానికే తలుపు తెరుచుకుంటుందనీ చెబితే, "కత్తులు లోపలెట్టి బయట తలుపెట్టేడంటే దేవుడు మా ఫోర్‌మేన్ కన్నా తెలివైనోడే" అని పెద్దగా నవ్వారు. నా చదువు గురించి నాన్నతో నేను మాట్లాడిన ఆఖరి సెలవులు అవే.

మరుసటి ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. తమ్ముడు నాకన్నా పదేళ్ళు చిన్న, ఇంకా బడిలోనే ఉన్నాడు. అమ్మ ఒక్కతే లేపలేదు, పడుకోబెట్టలేదు. పది రోజులని వచ్చినదాన్ని ఉండిపోయాను. దగ్గర్లోని ఒక బడిలో జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. మేడమ్ గారు పక్కింటి ఫోనుకు చేసి, "నీ చోటు అలాగే ఉంచుతాను, ఎప్పుడు వీలైతే అప్పుడు రా" అన్నారు. వస్తానన్నాను. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇంట్లో మనిషి మంచం మీద ఉంటే కాలం వేరేగా నడుస్తుంది, అంతే.

నాన్న పోయాక ఒక సాయంత్రం లైబ్రరీలో సైన్సు పత్రిక తిరగేస్తుంటే పీపా కనిపించింది. లీలగా కాదు, ప్రతి అణువూ తెలిసేలా. కోసేది త్రియోనిన్ అట. ఆ ముక్కలో మొట్టమొదటి అమైనో ఆమ్లం. ముక్క తయారైనప్పుడు దాని ముందు చిన్న తోక అడ్డంగా ఉంటుంది. పీపా మొత్తం అమరాక, లోపలి గదికి కప్పు పడ్డాక, ఆ తోకను తనే కోసేసుకుని పదును బయటపెడుతుంది. ఎవరో, ఎక్కడో కనిపెట్టేశారు. మేడమ్ గారి పట్టు నిజమే. పత్రిక మూసి బయటికొస్తే తమ్ముడు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉండబట్టలేక వాడికే చెప్పాను, తోక సంగతి, త్రియోనిన్ సంగతి, అంతా. శ్రద్ధగా విని, "అక్కా, సమోసా తిందామా?" అన్నాడు. తిన్నాం.

ఆ తమ్ముడే చాలా ఏళ్ళ తర్వాత టెల్కో కాలనీలో, లారీల కార్ఖానాకు సెలవు పెట్టి మంచం పట్టాడు. వారం వారం నేనుండే మాంగో పేట నుంచి నది మీది వంతెన దాటి వెళ్ళి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. నాలుగైదు వారాలకు ఆ మందు ప్రభావంతో వాడి అరికాళ్ళు మొద్దుబారి, చెప్పు జారినా తెలియకుండా అయింది. ఒకనాడు ఆటోలో అడిగాడు.

"నిజం సెప్పక్కా, ఇది పన్జేత్తాదంటావా?"

వాడి జబ్బు కణాలు ఒకే రకం ప్రోటీనును కుప్పలుగా చేస్తాయనీ, మిగతా కణాలకన్నా వాటికే చెత్త ఎక్కువనీ, పీపా ఆగితే ముందు ఊపిరాడనిది వాటికేననీ చెప్పాను.

"అంటే కచరా బండి రాకపోతే ముందు కంపు కొట్టీది హోటలోడికన్నమాట."

"అన్నమాటే," అన్నాను. చాన్నాళ్ళ తర్వాత ఇద్దరం నవ్వాం. వాడు చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను.

నాలుగు నెలలకు రక్తంలో ఆ చెడ్డ ప్రోటీను బాగా తగ్గింది. పూర్తిగా పోయినట్టు కాదనీ, మళ్ళీ తల ఎత్తవచ్చుననీ డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. అయినా తమ్ముడు తన కాళ్ళ మీద తను నడిచి మార్కెట్టుకు వెళ్ళి చేపలు తెచ్చాడు. ఆ రోజు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నంబరు సంపాదించి, ఇన్నేళ్ళకు మేడమ్ గారికి ఫోను చేశాను. గొంతు సన్నబడిపోయింది, వినికిడి తగ్గింది. పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మేడమ్, మా తమ్ముడికి మందు ఇచ్చారు. అది పట్టుకునేది బీటా ఐదునే."

బీటా ఐదు అన్న మాట నాచేత మళ్ళీ చెప్పించుకున్నారు.

"మన పీపానా, అమ్మాయ్?" అన్నారు.

అవునన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగా గుర్తు లేదు. ఆ 'మన' ఒక్కటే మిగిలింది.

మొన్న తమ్ముడి కూతురు, నా మేనకోడలు, ఫోనులో ప్రోటియసోమ్ బొమ్మ తీసి ఇచ్చింది. రంగురంగుల ముక్కలు, వేలితో తోస్తే గిర్రున తిరుగుతాయి. "బువా, యే తో ఫూల్ జైసా హై," అంది. పైనుంచి చూస్తే ఏడు రేకుల పువ్వులాగే ఉంది మరి. నేను తెలుగులో చెబుతుంటే అది హిందీలో ఊకొడుతూ, సగం విని, పనుందని లేచి వెళ్ళింది. దాన్ని తప్పు పట్టను. మేము నెలల తరబడి వెతికినది ఇప్పుడు అడగ్గానే అరచేతిలోకి వస్తోంది, ఆ వెతుకులాట ఫలమే మా తమ్ముణ్ణి మా మధ్య కూర్చోబెట్టింది, ఇంతకన్నా ఎవరైనా ఏం కోరుకుంటారు? అయినా ఆ ఐదో ముక్క ఎక్కడుందో చూపించి ఫోను పక్కన పెట్టాక నాకు ఒక్కటే అనిపించింది. అది ఇంకా ఎవరికీ తెలియని ఒక ఉదయంలోకి, కనిపెట్టేది నేనేనేమో అనుకుంటూ విశాఖలో ల్యాబు మెట్లెక్కే అప్పటి ఆ పిల్ల దగ్గరికి, ఒక్కసారి వెళ్ళి రావాలని.