నల్లసిరా పడని సంతకం

సేఠ్ మనుషులు మా ఇంటికి మూడు జీపుల్లో వచ్చారు. ఎనిమిది మంది. గల్లీ మొత్తం తలుపులు వేసుకుంది. నేనొక్కణ్ణే వసారాలో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, "ఏం కావాలె?" అని గద్దించాను.

మా తుకుం పేటలోని చాయ్ హోటల్లో ఈ సంగతి విన్నవాళ్లకు ఇలాగే తెలుసు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనుక సరిచేస్తాను. వచ్చింది ఒక్కడు. స్కూటీ మీద వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మా ఆవిడను అడిగి మంచినీళ్లు తాగాడు. నా కాలు మీద కాలు లేదు, అతనికి కుర్చీ నేనే తెచ్చి వేశాను. అతని చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ప్రభుత్వం వారి కాగితానికి జిరాక్సు. ఆ కాగితం అడుగున తెలుగులో ఒక సంతకం. అది ఎవరిదో చదివి చెప్పమని వచ్చాడు. ఎవరిదో నాకు తెలుసు. చెబితే ఒక మనిషి బతుకు తలకిందులవుతుంది.

అక్కడిదాకా ఎలా వచ్చిందో మొదటినుంచి చెప్పాలి.

ఈ మరాఠీ గడ్డ మీద బొగ్గుగనిలో హాజరీ బాబుగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, భద్రావతి రోడ్డులో ఒక సేఠ్ గారి బొగ్గు డిపోలో అదే పనికి కుదిరాను. పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని, వచ్చిన కూలీల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలి. సేఠ్ అంటే మామూలు సేఠ్ కాదు. ఆయన టిప్పర్లు వరసగా వెళుతుంటే రోడ్డు దాటడానికి చాయ్ తాగినంత సేపు ఆగాలి. పెద్ద పెద్ద అధికారులు ఆయన కారు తలుపు తీసేవారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడని చెప్పుకునేవాణ్ణి. ఆయనకు నా పేరు తెలియదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం డిపో వెనక గోడ కూలింది. గోడకు ఆనించి బొగ్గు ఎత్తుగా పోయించారు, వానకు అది బరువెక్కింది. కింద ఇద్దరు కూలీలు పోయారు. పొద్దు గూకకముందే ఇటుకలు ఎత్తేశారు. మర్నాడు సేఠ్ తరఫున ఒకటే మాట: ఆ ఇద్దరూ మా కూలీలు కారు, బొగ్గు ఎత్తుకుపోవడానికి గోడ దూకి వచ్చినవాళ్లు. రిజిస్టర్లో ఆ రోజు పేజీ లేదు. ఆ ఉదయం ఆ ఇద్దరి పేర్లూ నా చేత్తోనే రాశాను.

సర్కారు విచారణ వేసింది. గెస్టుహౌసులో తలుపులు మూసి ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మీ పేరు బయటికి రాదని ముందే చెప్పారు. నా వంతు వచ్చింది. "ఆ రోజు నాకు జ్వరం. డిపోకు పోలేదు. రిజిస్టరు సంగతి తెలియదు." మూడు వాక్యాలు. అవి కూడా నావి కావు, ముందురోజు సేఠ్ లెక్కలు చూసే మున్షీ ఇంటికి వచ్చి చెప్పమన్నవి. కింద తెలుగులో సంతకం చేసి, బయట కొళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

నా తరవాత లోపలికి వెళ్లింది డిపోలో కూలీలకు నీళ్లు పట్టే ఆమె. మన తెలుగు మనిషే, కరీంనగర్ నుంచి గనికి వచ్చినవాళ్ల బిడ్డ. భర్త సేఠ్ టిప్పరే నడిపేవాడు. నేను మూడు నిమిషాల్లో బయటపడితే ఆమె గంటన్నర లోపలే ఉంది. బయటికొచ్చి, కొంగుతో చెమట తుడుచుకుంటూ నా పక్కన నిలబడింది.

"అంత చెప్పిన కాకా. పొద్దుగాల వాళ్లిద్దరు పనికొచ్చింది చెప్పిన. గోడ పగిలిందని మున్షీకి ముందే ఎరుకున్నది చెప్పిన. ఆయన పేజీ చింపింది గూడ చెప్పిన. మా ఇంటాయనకు తెల్వదు. నువ్వెవరికి చెప్పకు."

"నేనెందుకు చెప్త బిడ్డా."

"మరి నువ్వేం చెప్పినవ్?"

"నేను గూడ అంత చెప్పిన."

ఆ రోజుకు అది నా రెండో అబద్ధం.

నివేదిక మీద 'గోపనీయ' అని ముద్ర కొట్టి బీరువాలో పెట్టారు. సేఠ్ టిప్పర్లు ఎప్పటిలాగే తిరిగాయి. ఊళ్లో మాత్రం ఒక గుసగుస మిగిలింది: లోపల ఎవరో అంతా కక్కేశారట. చాయ్ హోటల్లో ఒకడు నావైపు చూసి, "గేటు దగ్గర కూసునేది నువ్వే గద, నువ్వేనా?" అన్నాడు. నేను అవునన్లేదు. కాదనీ అన్లేదు. మీసం సర్దుకున్నాను. నాలుగేళ్లలో ఆ మీసం సర్దుకోవడం పెరిగి పెరిగి, విచారణ అధికారి కుర్చీలోంచి లేచి నాకు చేయి కలిపేదాకా వెళ్లింది.

నమ్మనివాడు ఒక్కడే. మరాఠీ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, నా చిన్ననాటి దోస్తు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, తెలుగు అక్షరం మాత్రం రాదు. నేను ఆదిలాబాద్ వైపు మేనమామ ఇంట్లో ఉండి చదివాను గనుక నాకు వచ్చు.

"నువ్వు చెప్పేదాంట్ల సగం తీసేస్తె ఎంత మిగుల్తదిరా?" అన్నాడు ఒకరోజు నలుగురి ముందు.

"నమ్మకపోతె సర్కారుకు అర్జీ పెట్టు. కాగితాలు తెప్పియ్యి, చూద్దాం."

గోపనీయ ముద్ర పడ్డ కాగితం బయటికి రాదని నా ధీమా. మాస్టారు నిజంగానే సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. ఇవ్వబోమన్నారు. అప్పీలుకు పోయాడు. దాని మీద ఇంకో అప్పీలు. ఏడాదిన్నర తిరిగాడు. మొన్న ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని హోటల్లోకి వచ్చాడు.

"వచ్చినయ్! పేర్లన్నీ నల్లగ జేసిండ్రు. అయినా పట్టు, చూద్దాం నీ బహాదురీ."

ప్రతి పేజీలోనూ నల్లటి పట్టీలు. పేరు, ఊరు, చేసే పని, అన్నిటి మీదా సిరా. 'సాక్షీదార్ చెప్పినదేమంటే' అని మరాఠీలో రాసుకుంటూ పోయారు, చెప్పింది ఆడో మగో కూడా తెలియదు. మాస్టారు ఆరు పేజీల వాంగ్మూలం ఒకటి తీసి చివరి పేజీ నా ముందు పెట్టాడు. పనికొచ్చిన ఆ ఇద్దరు, గోడ, మున్షీ, చింపిన పేజీ, అన్నీ ఉన్నాయి. అడుగున, నల్లసిరా పడకుండా, గుండ్రంగా, నిండుగా, ఆమె పేరు.

కార్యాలయంలో సిరా పూసినవాడు మరాఠీ పేర్లు పూశాడు, ఇంగ్లీషు పేర్లు పూశాడు. తెలుగు సంతకం వాడికి పేరులా కనిపించలేదు. ఏదో గీత అనుకుని వదిలేశాడు.

"గీ జిలేబీ ఏందిరా? నీదేనా?" అన్నాడు మాస్టారు.

"నాదే" అన్నాను.

మాస్టారు కళ్లజోడు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఇన్నేండ్లు నిన్ను నమ్మకపోతిని" అని, నాకు చాయ్ తనే చెప్పాడు. సగం గ్లాసులోనే వదిలేశాను.

"ఈ కట్ట ఇంకెవరికన్న ఇచ్చిండ్రా?"

"సేఠ్‌కు ఇచ్చిండ్రు. ఆయన మీది కాగితాలు గద. నిన్ననే తీస్కపోయిండ్రట."

ఎండలో నడుచుకుంటూ ఆమె ఇంటికి వెళ్లాను. బకెట్టుతో కూలర్లో నీళ్లు పోస్తోంది.

"నీ సంతకం కనవడ్తుంది బిడ్డా. పైన అంత నల్లగ జేసి కింద ఇడిసిపెట్టిండ్రు."

బకెట్టు కింద పెట్టింది. "నా పేరా?"

"మొత్తం."

"నువ్వు నేర్పిందే గద కాకా. వేలిముద్ర ఏసుంటె పీడ పోయేది."

నిజమే. డిపోలో అందరిలా బొటనవేలు ముంచడం ఆమెకు నచ్చేది కాదు. రిజిస్టరు వెనక పేజీల్లో ఎనిమిది రోజులు దిద్దించాను. చివరి అక్షరానికి తోక పైకి లాగేది. అలా వద్దని ఎన్నిసార్లు కసిరినా మానలేదు. అదే అందంగా ఉందనేది.

"మా ఇంటాయన ఎల్లుండి లోడు తీస్కొని పోతుండు" అంది. "ఒక్కడే పోతడు. బండి సేఠ్‌ది, తొవ్వంత సేఠ్ మనుషులే. ఏమన్న అయితె యాక్సిడెంటంటరు." మళ్లీ తనే ధైర్యం చెప్పుకుంది. "అయినా సేఠ్ దిక్కు తెలుగు సదివెటోళ్లు ఎవరున్నరు కాకా?"

సేఠ్ దిక్కు తెలుగు చదివేవాణ్ణి నేనే.

మర్నాడు పొద్దున స్కూటీ వచ్చింది. దిగింది మున్షీ, ఆ పేజీ చింపినవాడే. కోర్పనా వైపు తెలుగువాడు, మరాఠీలో చదువుకున్నాడు. నీళ్లు తాగి ఫోల్డరు తెరిచాడు.

"బాబూసాబ్, జర ఇది సదివి చెప్పుండ్రి. ఫోన్ల కెమెరా పెట్టిన, పిచ్చి పిచ్చి మాటలు చెప్తుంది. ఇంకొకరికి చూపిస్తె ఊరంత అయితది. మీరు మన మనిషి."

కళ్లజోడు తుడిచాను. మళ్లీ తుడిచాను. ఏదో ఒక పేరు చెప్పేద్దామనుకున్నాను. ఏ పేరు చెప్పినా అది ఎవరో ఒకరి పేరే కదా.

"నాది" అన్నాను.

మున్షీ నవ్వాడు. "హోటల్ల మీరు చెప్పుకుంటరని విన్న. అవన్ని మాటలే అనుకున్న." నవ్వుతూనే కాగితాలు వెనక్కి తిప్పాడు. "మరి గిదెవలిది? ఇండ్ల జ్వరమని ఉంది. జ్వరమని చెప్పుమని నేను మీకే చెప్తి గద."

నా మూడు వాక్యాలు. కింద నా సంతకం. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు.

"జ్వరమని చెప్పుమని నువ్వు ఎంతమందికి చెప్పినవ్?" అన్నాను.

మున్షీ తడబడ్డాడు. "ముగ్గురికి."

"మరి ఆ ముగ్గురిల ఒకనిది. పిరికోడు. వాడిప్పుడు లేడు."

"మన డిపో చౌకీదారా? పోయినేడు సచ్చిపాయె గద?"

నేను పైకప్పు వైపు చూశాను. అతనేం అనుకోవాలో అది అనుకున్నాడు. కానీ లేవలేదు. జేబులోంచి పెన్ను తీసి, ఫోల్డరు వెనక తెల్లకాగితం పెట్టి నా ముందుకు జరిపాడు.

"ఒకసారి చెయ్యుండ్రి."

అతనికి చదవడం రాదు, చూడడం వచ్చు. ఆమె పేరు రాశాను. ఎనిమిది రోజులు కసిరినా మానని ఆ తోకను, అలాగే పైకి లాగి, నా సంతకంగా పెట్టాను. మున్షీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో వంపూ చూసుకుంటూ వెళ్లాడు. తోక దగ్గర ఆగాడు. ఫ్యాన్ గాలికి కాగితం లేస్తుంటే నేనే వేలు పెట్టి పట్టుకున్నాను.

"ఈ వయసుల మీకెందుకు బాబూసాబ్ ఇదంత" అన్నాడు చివరికి. "సేఠ్‌కు చెప్త."

'చెప్పుకో పో' అన్నానని హోటల్లో చెప్పాను. అన్నది, "చాయ్ తాగి పోతవా?" అని. తాగలేదు.

సాయంత్రం ఆమె వచ్చింది. జరిగిందంతా చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తరవాత అడిగింది:

"మరి నీ సంతకం ఏది కాకా? నువ్వు గూడ అంత చెప్పిన్నంటివి గద."

ఇంకా ఏదో అల్లేవాణ్ణే. మా ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. జ్వరం సంగతి చెప్పేశాను.

"అంటె వాళ్ల పేర్లు రాసింది నువ్వే, రాయలేదన్నది నువ్వే." ఆమె గొంతు పెంచలేదు. "నా పేరు నువ్వు పెట్టుకుంటివి. మరి నీ పేరు ఎక్కడ పెడ్తవ్?"

మర్నాడు మాస్టారి ఇంటికి వెళ్లాను. అంతా విన్నాడు.

"సగం తీసేస్తె ఏమన్న మిగుల్తదనుకున్న గదరా. ఏం మిగలకపాయె." లేచి చెప్పులు వేసుకున్నాడు. "నడువ్."

చనిపోయిన కూలీల కుటుంబాల తరఫున ఒక వకీలు ఉన్నాడు. ఆయన ముందు కూర్చుని చెప్పాను: ఆ రోజు నాకు జ్వరం లేదు, ఆ ఇద్దరి పేర్లూ రిజిస్టర్లో నేనే ఎక్కించాను, మధ్యాహ్నం తరవాత ఆ పేజీ లేదు. పేరు బయటికి రాకుండా అడగవచ్చన్నాడు వకీలు. నేను బల్ల గుద్ది "వద్దు" అన్నానని ఇప్పుడు మాస్టారు హోటల్లో చెబుతున్నాడు. నా అలవాటు వాడికి అంటుకుంది. బల్ల గుద్దలేదు. నీళ్లు అడిగి, తాగి, బయటికి పోయి వచ్చి, అప్పుడు అన్నాను.

ఆమె భర్త సేఠ్ బండి వదిలేశాడు. వాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో లేరు, ఎక్కడున్నారో చెప్పను. ఇది రాయమని ఆమే అంది. డిపోలో నీళ్లు పట్టేదని రాశాను కదా, ఆమె పని అది కాదు. ఆ ఒక్క అబద్ధం సరిచేయను.

మా గల్లీ చివర రోజూ పొద్దున ఒక స్కూటీ ఆగి ఉంటోంది. రెండు అని రాసి కొట్టేశాను.

విచారణ మళ్లీ తెరిచారు. సోమవారం రమ్మని నోటీసు వచ్చింది. నిన్నటినుంచి ఒళ్లు కాలిపోతోంది, ఈసారి నిజంగానే. నూట మూడు ఉంటుంది. మా ఆవిడ థర్మామీటరు వెలుగులో పెట్టి చూసి నా చేతికిచ్చింది.

తొంభై తొమ్మిది. వెళ్తాను.