పెదనాన్న వణుకు

ఎవరికి ఏ జబ్బు చేసినా, అది మా పెదనాన్నకి అంతకుముందే వచ్చి ముదిరిపోయి ఉంటుంది. ఎదుటివాళ్లు తుమ్మితే ఈయన ముక్కు తుడుచుకుంటాడు. పెద్దమ్మకి పురిటినొప్పులొస్తే పక్క మంచం ఈయనే ఎక్కాడు. "నీ నొప్పికి కారణమైనా ఉంది, నాకు అదీ లేదు" అని ఆవిడతోనే వాదించాడట.

అలాంటి మనిషి తమ్ముడు, అంటే మా బాబాయి, తాగుడు మానేశాడు. బాబాయికి సెలూన్ ఉంది. అందులో రెండో కుర్చీ దగ్గర పని నాది. డాక్టరు మాత్రలిచ్చి ముందే చెప్పాడు. "కొన్నాళ్లు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, ఊరికే చిరాకొస్తుంది, తీపి మీదకి మనసు పోతుంది. మరీ ఎక్కువైతే ఆలోచించకుండా వచ్చెయ్యండి."

తోడు వెళ్లిన పెదనాన్న అక్కడే చెమట తుడుచుకున్నాడు. "డాక్టరుగారూ, నాకు మొదలైపోయిందండీ."

"మీరెప్పుడు మానేశారు?"

"నేనసలు మొదలే పెట్టలేదండీ. అందుకేనేమో ఇంత గట్టిగా పట్టుకుంది!"

ఆ రోజు నుంచి ఇంట్లో పంచదార డబ్బా నిలిస్తే ఒట్టు. బాబాయి చెంచాడు తింటే ఈయన గుప్పెడు. బాబాయి ఎవరిమీదైనా విసుక్కోబోతే, ఈయన ముందే గోడ గడియారం మీద విరుచుకుపడేవాడు. "ఏమిటా టిక్కుటిక్కు? మనుషులుండే కొంపేనా ఇది?"

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "మానేసింది మా మరిది, పిచ్చెక్కింది మా ఆయనకి!"

అసలు గండం సెలూన్లో వచ్చింది. బాబాయి చేతిలో రేజరు వణకడం చూసి, కుర్చీలో ఉన్న గుమాస్తాగారు సబ్బు నురగతోనే లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు నా కుర్చీ వైపు జరిగారు. బాబాయి రేజరు పక్కన పడేసి, "ఒక్క గుక్క పడితే ఈ చెయ్యి ఆగుతుందిరా" అంటూ చెప్పులేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పెదనాన్న వచ్చి ఆ కుర్చీలో కూలబడ్డాడు. "గీయరా!"

"వద్దన్నయ్యా, చెయ్యి ఆగట్లేదు."

"నీ చెయ్యి సంగతి తర్వాత. నా గడ్డం ఎలా వణుకుతోందో చూడు! కదిలే గడ్డం గీయాలంటే చెయ్యి కూడా కాస్త కదలాలి మరి."

తలా, భుజాలూ, కుర్చీతో సహా ఊగిపోతున్నాయి. అందరూ పగలబడి నవ్వారు. బాబాయి కూడా నవ్వి, చెప్పులు విప్పి రేజరు అందుకున్నాడు. గాటు పడినప్పుడల్లా పెదనాన్నే అరిచేవాడు: "నేనే కదిలాను! వాడి తప్పేం లేదు!"

గడ్డం పెరిగినా పెరక్కపోయినా రోజూ వచ్చేవాడు, చెంపల నిండా దూది ముక్కలతో వెళ్లేవాడు. నేను అద్దంలో గమనించాను. రేజరు తగిలే క్షణానికి ఆయన ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండేవాడు, తీయగానే మళ్లీ వణికేవాడు. అది చూసినప్పుడు ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

కొన్నాళ్లకి గుమాస్తాగారు కూడా తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నారు. బాబాయి పెదనాన్న చెవి దగ్గర వంగాడు.

"అన్నయ్యా, ఇక వణకడం ఆపు. నా చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఉత్తుత్తినే వణికిస్తున్నాను."

పెదనాన్న ఠక్కున ఆగిపోయి చెంప తడుముకున్నాడు. "మరి నిన్నటి ఈ గాటో?"

"అది మాత్రం నువ్వే కదిలావు."